నా పేరుతో వచ్చిన మాటలు

మొన్న మా ఇంటికి చెన్నై నుంచి ఒక పిల్ల వచ్చింది. ధర్మపురి బస్టాండులో దిగి, టౌన్ బస్సు పట్టుకుని పాపారపట్టి చేరి, టీ అంగడిలో దారి కనుక్కుని నడిచి వచ్చింది. మనిషి సన్నగా ఉంది, భుజాన మాత్రం మనిషంత సంచి. జనం ఇప్పుడు ఫోన్లలో చూసుకునే కథలు ఉంటాయే, అవి తీసే కంపెనీలో పని అని చెప్పింది. మా ఇంటాయన రాసిన నవల ఒకటి వాళ్లకు నచ్చిందట, దాన్ని తీస్తారట. ఆయన పోయి ఏడాది దాటింది. నా ఒప్పుకోలు కోసం వచ్చింది. అంతవరకూ చిక్కేమీ లేదు. చిక్కల్లా ఆ పుస్తకం అట్ట మీద ఉన్న పేరుతోనే. "పాపారపట్టి అలమేలు" అని ఉంటుంది. అలమేలు నేను. పుట్టి ఇన్నేళ్లలో ఒక్క పుట రాసిన మనిషిని కాను.

ఆ పిల్ల ఎక్కడో విని వచ్చింది. కాఫీ గ్లాసు కింద పెట్టి, అరవంలో మెల్లగా అడిగింది. "అమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఇది నిజంగా మీరు రాసిందేనా? అయ్యగారు రాశారని కొందరు అంటున్నారు. అదే నిజమైతే ఇప్పుడైనా ఆయన పేరు వెయ్యాలని మావాళ్లు అనుకుంటున్నారు. మీరు ఎట్లా చెబితే అట్లా." నా కూతురు సుమతి వాకిలికి ఆనుకుని నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోపే, "మా నాయన రాసిందే. ఆయన పేరే వెయ్యండి," అంది. నేను ఆ పిల్లతో, "వచ్చేవారం రా తల్లీ, చెప్తాను," అన్నాను. ఇందులో ఆలోచించేదానికి ఏముంది అన్నట్టు సుమతి నన్నొక చూపు చూసి, గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

ఆలోచించేదానికి ఉంది. అది చెప్పాలంటే నేను కాపురానికి వచ్చిన కొత్త నాళ్ల దగ్గరికి పోవాలి. నేను చెబుతుంటే మా తమ్ముడి కోడలు రేవతి రాస్తోంది. ఆమెది కుప్పం, తెలుగు బడిలో చదువుకుంది. ఇక్కడ అరవనాట మాకు తెలుగు నోట్లోనే గానీ చేతిలో లేదు. నా మాటను పుస్తకం మాటగా సర్దేది రేవతి. సంగతి మాత్రం నాది.

ఆయనకు ధర్మపురిలో బస్టాండు వెనక సందులో రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడి ఉండేది. అంగడి అంటే ఒక బల్ల, ఒక ఫ్యాను, గోడ నిండా మేకులు. పెద్ద పెట్టెలు అక్కడ పట్టవని బస్సు పైన కట్టించుకుని ఇంటికి తెచ్చేవాడు. నేను వచ్చేనాటికి మా నడవలో మనుషులకంటే టీవీలే ఎక్కువ. అన్నీ పరాయివాళ్లవి. ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు ఉండేవి. ఒకటి ఆయన సీసం కరిగించే కడ్డీది, ఆ పొగ ముక్కులో తీయగా గుచ్చుకునేది. రెండోది చింతపండుది. మా ఊరి చుట్టుపక్కల చింతపండు పని చెయ్యని ఇల్లు తక్కువ. మండీ నుంచి మూటలు దిగేవి. ఆడవాళ్లు పెంకు వలిచి, చిన్న సుత్తితో కొట్టి గింజ తీసి, నార లాగి, ముద్ద చేసి బుట్టలో వేసేవారు. మా అత్త ఆ పనికి పెద్ద దిక్కు. వీధిలో ఆడవాళ్లంతా తమ సుత్తి, తమ రాయి తెచ్చుకుని మా నడవలోనే చేరేవారు. పని ఎక్కడైనా చెయ్యొచ్చు, టీవీ మా ఇంట్లోనే ఉండేది.

సాయంత్రం ఆవు పాలు పిండి, దీపం పెట్టి, సంగటి గెలికి, అనపగింజల పులుసు పొయ్యి మీది నుంచి దించితే గానీ అత్త టీవీ పెట్టనిచ్చేది కాదు. పెట్టాక ఇంక ఎవరికీ అన్నం వడ్డించేది కాదు. సీరియల్ జరిగేటప్పుడు ఆకలి అన్నవాళ్లు ఆమెకు మనుషులే కారు. ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. సీరియల్లో మనుషుల పేర్లు చస్తే పలికేది కాదు. పోలిక చూసి మా బంధువుల పేర్లు పెట్టేసేది. మీసాల విలన్ తొప్పూరు చిన్నాయన. ముక్కుపుడక పెట్టుకున్న అత్తగారు మా పెద్దాడబిడ్డ. మా బంధువులు ఎవరైనా ఇంటికి వస్తే, సీరియల్లో చేసిన తప్పులకు వీళ్లకు మర్యాద తగ్గేది.

మా ఇంట్లో సీరియల్ చూడటం ఊళ్లో చూసినట్టు ఉండేది కాదు. అన్నీ బాగుకు వచ్చిన పెట్టెలు కదా, ఒక్కో వారం ఒక్కో లోటు. ఒకదానిలో మొహాలన్నీ పచ్చగా, కామెర్లు వచ్చినట్టు. ఒకదానిలో మాట వస్తుంది, బొమ్మ రాదు. ఇంకొకదానిలో బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. మాట రాని వారం అందరికీ ఇష్టం. అప్పుడు మాటలన్నీ అత్తే చెప్పేది. తెర మీద కోడలు నోరు తెరిస్తే, "పాలు విరిగిపోయినాయి అత్తా, నా తప్పు కాదు," అని అత్త ఇక్కడ అనేది. తెర మీద అత్తగారు చెయ్యి ఎత్తితే, "నీ పుట్టింట్లో ఆవు ఉండిందా మే, పాల సంగతి నీకేమి తెలుసు!" అనేది. ఆడవాళ్లు సుత్తులు పక్కన పెట్టి నవ్వేవారు. ఆయన మూలన కూర్చుని, కడ్డీ చేతిలో పట్టుకుని, టీవీని కాదు, వీళ్లను చూసేవాడు. మాట లేకపోతే అర్థం కాని సీరియల్ ఏది, బొమ్మ లేకపోయినా నడిచేది ఏది అని ఆయనకు అట్లా తెలిసేది.

ఆయన పదో తరగతి దాకా అరవ బడిలో చదివాడు. దొరికిన పత్రికంతా చదివేవాడు, మిక్చర్ కట్టిన కాగితం కూడా విప్పి చదివేవాడు. ఒక వారపత్రికలో ఆడవాళ్లకని ఒక పుట ఉండేది. ఒకసారి సీరియల్లో పల్లెటూరి ఆమె చేతి నిండా బంగారు గాజులతో పిడకలు కొట్టడం చూసి ఆయనకు ఒళ్లు మండింది. ఉత్తరం రాశాడు. ఆడవాళ్ల పుట కాబట్టి కింద నా పేరు వేశాడు. వెయ్యొచ్చా అని నన్ను అడగలేదు, అడగాలని ఆయనకూ తోచలేదు, అడగలేదే అని నాకూ తోచలేదు. అది అచ్చయింది. ఇంకో వారం రాశాడు, అదీ అచ్చయింది. తర్వాత పత్రికవాళ్లే ఉత్తరం పంపారు, శ్రీమతి అలమేలు అమ్మగారికి అని, వారం వారం సీరియళ్ల గురించి రాయమని. అట్లా నేను టీవీ విమర్శకురాలిని అయ్యాను. అప్పుడు నేను బాలింతను, సుమతి నెలల బిడ్డ. ఆ ఉత్తరం ఆయన చదివి వినిపిస్తుంటే నేను సాంబ్రాణి పొగ వేస్తున్నాను.

రాసిన కవరును ఆయన బొమ్మిడికి పోయి వేసేవాడు. మద్రాసు పోయే రైలుకు తపాలా డబ్బా ఒకటి ఉండేది. స్టేషన్లో బండి ఆగినప్పుడు అందులో వేస్తే మరునాటికే పత్రికకు చేరేది. బొమ్మిడి నా పుట్టినూరు. అల్లుడు వారం వారం వస్తుంటే మా అమ్మ మొదట్లో మురిసిపోయింది. తర్వాత, ఆయన తన చేతి కోడికూర కోసం రావడం లేదు, రైలు కోసం వస్తున్నాడని తెలిసి, కోడికి బదులు వంకాయ వండటం మొదలుపెట్టింది.

నా పేరు ఊళ్లో తెలిసింది. మంగలి అంగడిలో పత్రిక చదివినవాళ్లు నన్ను చూసి, "ఏమక్కా, ఈ వారం ఎవరిని చీల్చినావు?" అనేవారు. నేను నవ్వి పోయేదాన్ని. నాకు రాయను రాదని వీధి అంతటికీ తెలుసు. కానీ నేను చెప్పేది ఆయన రాస్తున్నాడని వాళ్లే ఒక లెక్క వేసుకున్నారు. అత్త కూడా అదే అనుకుంది. మాట రాని టీవీకి మా అత్త మాట చెబుతుందని, ఆ మాటలు సీరియల్ మాటలకంటే బాగుంటాయని పత్రికలో వచ్చిన వారం, అత్త నాకు తలకు నూనె పెట్టి దువ్వింది. అంతకు ముందు ఎప్పుడూ దువ్వలేదు. ఆయన పక్కనే ఉన్నాడు. రాసింది తనేనని ఒక మాట అనలేదు. నేనూ తల ఇచ్చి కూర్చున్నాను.

ఆ తర్వాత వచ్చింది ఒక వారం. ఏదో సీరియల్లో కోడలికి గర్భం పోయింది. అత్త ఆ పొద్దు సంగటి ముట్టలేదు, కొంగు తడిసేటట్టు ఏడ్చింది. దానికి కొంచెం ముందే అత్త సొంత అక్క పాపం పోయి ఉండింది. అప్పుడు అందరం పోయాము. అక్కడ అత్త కంట నీళ్లు రాలేదు. ఆయన ఈ రెండూ పక్కపక్కన పెట్టి రాశాడు. తోడబుట్టినది పోతే ఏడవని మా అత్త, తెర మీద ఊరూ పేరూ లేనిదానికి ఏడుస్తుంది, మనల్ని ఈ పెట్టె ఇట్లా చేసింది అని. చదివినవాళ్లంతా భలే రాశావు అన్నారు. ఆ భలే మాట చింతపండు మూటలతోపాటు మా నడవలోకి వచ్చి పడింది. పనికి వచ్చిన ఒకామె దాన్ని నవ్వుతూనే అత్తకు చెప్పింది. అత్త కొడుతున్న సుత్తి అట్లే రాయి మీద పెట్టి లేచిపోయింది.

ఆ పూట నుంచి నా చేతి కూడు ఆమె తినలేదు. నేను వండిన కుండ పక్కన వేరే కుండ పెట్టుకుని వండుకునేది. నన్ను ఒక మాట అనలేదు. అంటే బాగుండేది. అత్త తమ్ముడు గోవిందమామ పాలక్కోడు దగ్గరి నుంచి వచ్చి, మంచం మీద కూర్చుని, ఇంటి గుట్టు పత్రికల్లో పెట్టేదానికి ఈ ఇంట్లో పని లేదన్నాడు. కొన్నాళ్లు పుట్టింటికి పంపండి, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ "తర్వాత చూద్దాం" అంటే ఏమో మా పక్క ఆడవాళ్లకు బాగా తెలుసు. కొందరికి ఆ తర్వాత రానే రాలేదు. నేను ఆయన మొహం చూశాను. ఆయన విప్పిన టీవీలోకి తల దూర్చి ఏదో తీగ లాగుతున్నాడు. పెరట్లో నన్ను ఒక్కదాన్నే చూసి, "కొంచెం ఓర్చుకో మే. నేను రాసినానని తెలిస్తే అమ్మ గుండె పగుల్తుంది. పత్రికవాళ్లూ నిలిపేస్తారు," అన్నాడు.

"అయితే నా కాపురం పగలొచ్చునా?" అన్నాను.

నేను బిడ్డను చంకనేసుకుని బొమ్మిడి బస్సు ఎక్కాను.

వారం తిరిగేసరికి ఆయన కవరు పట్టుకుని వచ్చాడు. రైలు కోసమే వచ్చాడు, దారిలో మా ఇల్లు ఉంది కాబట్టి దిగాడు. మా అమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చింది, మాట ఇవ్వలేదు. నేను చేటలో రాగులు చెరుగుతున్నాను. చెరుగుతూనే అడిగాను.

"ఈ వారం నేనేమి రాసినాను?"

"సుమ్మా, ఊరికే ఏదో."

"చదువప్పా. నా పేరుతో పోయేది నేను వినొద్దా?"

ఆయన కవరు విప్పి అరవంలో చదివాడు. బాగానే ఉంది, నవ్వు కూడా వస్తుంది. పాలక్కోడు మామ ఒకడు సీరియల్లో నాట్టామ, అంటే ఊరిపెద్ద, చెప్పే తీర్పులు చూసి, ఊళ్లోకి వచ్చి అట్లే తీర్పులు చెబుతాడని. చదివి నా వైపు చూశాడు, మెచ్చుకుంటానేమో అని.

"ఇట్లా కాదు," అన్నాను. "మనం ఇంట్లో మాట్లాడేటట్ల చెప్పు."

"ఎట్ల చెప్పేది? రాసింది అరవంలో కదా."

"మీ అమ్మ ఎదురుగా కూర్చోనుంది అనుకో. మీ మామ మంచం మీద ఉన్నాడు. వాళ్లకు తెలుగులో చెప్పు ఈ మాట."

ఆయన మొదలుపెట్టాడు. "మామ ఒకడు..." అన్నాడు. "మా మామ..." అని ఇంకోసారి అన్నాడు. అరవంలో ఆ మాట పత్రిక మాట, ఎవరికో ఎవరో చెప్పే మాట. తెలుగులోకి తెస్తే అది ఇంటి మాట అయిపోతుంది, ఎదుటి మనిషికి మొహం ఉంటుంది. ఆయన కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. అవతల బండి వచ్చి కూత వేసింది, ఆగింది, పోయింది. ఆయన లేవలేదు. ఆ వారం పత్రికలో నా పేరు లేదు.

"బిడ్డను ఎత్తుకో," అన్నాడు చివరికి. "పోదాం. అమ్మకు చెప్తాను."

మేము పోయేసరికి అత్త నడవలో ఒక్కతే చింతపండు కొడుతోంది. గోవిందమామ ఇంకా పోలేదు, మంచం మీదే ఉన్నాడు. ఆయన చెప్పులు కూడా విడవకుండా నిలబడి చెప్పాడు.

"అమ్మా, అది రాసింది నేను. అలమేలు కాదు."

"రాసేది నువ్వని నాకు తెలవదా?" అంది అత్త సుత్తి ఆపకుండా. "అది చెప్పింది, నువ్వు రాసినావు."

"అది చెప్పలేదమ్మా. చూసిందీ నేనే, అనుకున్నదీ నేనే, రాసిందీ నేనే. దానికి ఏమీ తెలవదు."

"ఒరే, పెండ్లాన్ని కాపాడుకునేదానికి ఇంత అబద్ధం చెప్తావా!" అన్నాడు గోవిందమామ.

"నిజం మామా. నీ మీద కూడా రాసినా. వినిపించేదా?"

అత్త సుత్తి ఆగింది. చేతిలోని చింతకాయ పక్కన పెట్టింది. తర్వాత కొడుకును చూసి మెల్లగా అడిగింది. "నేను ఏడవలేదని చూసినావా నువ్వు? మీరంతా వాకిట్లో ఉంటిరి. నేను వాళ్ల పెరట్లో పొట్టు కుప్ప వెనక కూర్చోని ఏడిస్తిని. దానికీ నాకూ ఎన్నేండ్లుగా మాటల్లేవు. బతికుండగా పలకనిదాన్ని, చచ్చినాక పదిమందిలో ఎట్ల ఏడ్చేది? చూసేవాళ్లు నవ్వరా?"

అందరి మొహాలూ చూసి రాసే మనిషి, ఆ పెరట్లోకి పోలేదు.

"కోడలు అనిందంటే తట్టుకుంటిని," అంది అత్త. "పరాయి ఇంటి పిల్ల, నా సంగతి దానికేమి తెలుసు అనుకుంటిని. కన్నోడివి, నువ్వు అంటివా?" ఆయన చెప్పులు విడిచి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అత్త కొంగుతో మొహం తుడుచుకుంది, ఏడ్చినట్టు కాదు, దుమ్ము తుడిచినట్టు. "ఇదో చూడు. రాసింది అలమేలే. నేను అట్లే అనుకుంటా. నువ్వు రాసినావనే మాట ఇంకెప్పుడూ నా చెవిన పడకూడదు. దాని పేరు అట్లే ఉండనీ." తర్వాత నా వైపు తిరిగింది. "ఏమే, బిడ్డను ఎత్తుకుని బొమ్మ మాదిరి నిలబడినావు? సంగటికి నీళ్లు పెట్టు. నాకు ఆకలైతుంది."

నేను రాయలేదని తెలిసి ఆమె నా చేతి కూడు తింది. నేనే రాశానని అనుకుంటూ తింది. ఆ రెండూ ఒక్క మనిషి ఎట్లా చేసిందో నేను ఆనాడు ఆలోచించలేదు. సంగటి గడ్డ కట్టకుండా చూసుకోవడమే నాకు చాలు.

ఆ వారం నుంచి ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. కవరు బొమ్మిడికి పోయేముందు నడవలో కూర్చుని, రాసిందంతా ఆయన తెలుగులో చెప్పాలి. అత్త అడిగే తీరే వేరు. "ఏమిరా, అలమేలు ఏం రాసింది ఈ వారం?" అనేది. నేను ఆమె పక్కనే కూర్చుని నార లాగుతుంటాను. ఆయన, "అలమేలు ఇట్ల రాసింది అమ్మా," అని మొదలుపెట్టేవాడు. నచ్చని మాట వస్తే అత్త నన్ను చూసేది కూడా కాదు. "ఆ మాట బాగలేదు, తీసెయ్యమని అలమేలుకు చెప్పు," అనేది కొడుకుతో. నేను, "సరే అత్తా, తీసేస్తా," అనేదాన్ని. ఆయన కొట్టేసేవాడు. నవ్వు వచ్చినా ముగ్గురమూ నవ్వేవాళ్లం కాదు. తెలుగులో అమ్మ ఎదురుగా చెప్పలేనిది ఏదీ అరవంలో అచ్చు కాకూడదు, అంతే. అలమేలు రాత మారింది, మెత్తబడింది, ఇప్పుడు మనుషులు కనిపిస్తున్నారు అని పత్రికవాళ్లు మెచ్చుకుంటూ రాశారు.

నవల అట్లా నడవలోనే పుట్టింది. పదిమందిలో ఏడవలేని ఒక ఆడమనిషి కథ. చెప్పేది కోడలు. వారం వారం పత్రికలో వచ్చింది, తర్వాత పుస్తకం అయింది. ప్రతి భాగమూ అత్త విన్నది. పొట్టు కుప్ప వచ్చిన చోట ఆయన గొంతు తగ్గించి చెప్పాడు, తీసెయ్యమంటుందేమో అని. ఆమె అనలేదు. చింతగింజలు ఏరుతూనే, "నన్ను బాగా చూసినావు అలమేలూ," అంది. నన్ను చూసే అంది. ఆయన తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. ఆయన జీవితంలో అమ్మ నోట విన్న మెచ్చుకోలు అదే, అదీ నాకు చెప్పింది.

ఆ నవలను సీరియల్ తీస్తామని చెన్నై కంపెనీ ఒకటి పిలిచింది. వాళ్లకు కావలసింది ఆడ రచయిత. ఒప్పందం కోసం నాకు సంతకం నేర్పాడు. నాకు వచ్చిన అక్షరాలన్నీ నా పేరులోవే. ఒకసారి పట్టుచీర కట్టించి తీసుకుపోయాడు. చల్లటి గదిలో కూర్చోబెట్టి ఏమేమో అడిగారు, నేను తల ఊపాను. పెద్ద రచయితలు తక్కువ మాట్లాడతారని వాళ్లలో ఒకాయన ఇంకొకాయనతో అన్నాడు. ఆ తర్వాత నేను పోలేదు. మాటలు, సీనులు రాసి ఆయనే తీసుకుపోయేవాడు. అక్కడ ఆయన రచయిత కాదు, మేడమ్ గారి భర్త, కాగితాలు తెచ్చే మనిషి. "మేడమ్ రాలేదా?" అని అడిగి, ఈయనకు బయట బెంచీ చూపించేవారు. ఒకసారి సావు సీనులో ఆ ఆడమనిషి గుండెలు బాదుకుని ఏడ్చినట్టు మార్చి తీశారు. జనం ఏడవాలంటే ఆమె ఏడవాలని వాళ్ల లెక్క. అది చూసి అత్త లేచి టీవీ ఆపేసింది. "ఇది నువ్వు రాసింది కాదు అలమేలూ," అంది. మరునాడే ఆయన చెన్నై పోయాడు. "మేడమ్ ఒప్పుకోదు సార్. మారిస్తే ఇంక రాయదు," అని చెప్పాడట. తన పేరు మీద అయితే ఆయన ఆ మాట అనగలిగేవాడు కాదు. బస్సు కండక్టరును చిల్లర కూడా అడగలేని మనిషి. మేడమ్ మాటగా చెప్పాడు కాబట్టి గొంతు లేచింది. వాళ్లు వినలేదు, అది వేరే సంగతి. ఇంకో రెండు సీరియళ్లకు రాశాడు, అక్కడా మేడమ్ ఒప్పుకోలేదు. చివరికి వాళ్లు మేడమ్‌ను అడగడం మానేశారు. ఆయన మళ్లీ కడ్డీ పట్టుకున్నాడు. అప్పటికి బాగుకు వచ్చే టీవీలూ తగ్గాయి.

అత్త ముందు పోయింది, ఆయన ఇన్నేళ్లకు పోయాడు. నడవ ఇప్పుడు ఖాళీగా ఉంది. చింతపండు పని కొంచెం మిషన్లకు పోయింది, కొంచెం ఎవరెవరి ఇళ్లలో వాళ్లు చేసుకుంటున్నారు. సుమతి సాయంత్రం చెవుల్లో ఏదో పెట్టుకుని ఫోను చూస్తుంది. ఒక్కోసారి ఒక్కతే నవ్వుతుంది. దేనికి నవ్విందో పక్కన ఉన్న నాకు తెలియదు, అడిగితే తీసి చూపిస్తుంది గానీ అప్పటికి ఆ నవ్వు అయిపోయి ఉంటుంది. ఆ కాలమే బాగుండేదని నేననను. నడుములు విరిగేవి, చేతుల పగుళ్లలో పులుపు దిగి నిద్ర పట్టేది కాదు. అయితే అప్పుడు ఏ మాట ఎవరికి తగులుతుందో ఆ మనిషి అక్కడే కూర్చుని ఉండేది. ఇప్పుడు చూసేవాళ్లు ఒకచోట, రాసేవాళ్లు ఒకచోట, తగిలినవాళ్లు ఇంకెక్కడో.

చెన్నై పిల్ల చెప్పిన ప్రకారం వచ్చింది. సుమతి ఈసారి వాకిట్లో కాదు, నా పక్కనే కూర్చుంది.

"రాసింది ఆయనే," అన్నాను ఆ పిల్లతో. "ఒక్క మాట కూడా నాది కాదు. ఇది నువ్వు ఎవరితోనైనా చెప్పు, రాసుకో, నాకు దాపరికం లేదు. పేరు మాత్రం నాదే ఉండనీ."

ఆ పిల్ల తికమక పడింది. "అమ్మా, ఆయన రాసినప్పుడు ఆయన పేరు కదా న్యాయం?"

"ఆ పుస్తకంలో ముసలామెను చూసింది ఎవరు?"

"కోడలు."

"కొడుకు పేరు పెడితే చూసింది కొడుకు అవుతాడు. మా అత్త తట్టుకోలేనిది అదే. ఆమె లేదు, నిజమే. కథలో ఉంది కదా."

సుమతికి కోపం వచ్చింది. "అవ్వకు కోడలు కావాలి, పత్రికకు ఆడది కావాలి, సీరియల్‌కు మేడమ్ కావాలి. అందరి కోసమూ నాయన చాటుకు పోయినాడు. పోయినాక కూడా నిలబెట్టవా ఆయన్ని?"

"చాటు లేకుంటే ఆయన ఆ మాటలే అనలేడే," అన్నాను. "ఇప్పుడు నన్ను పక్కకు లాగి ఆయన్ని నిలబెడితే, చేతులు కట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు. నాకు తెలుసు మీ నాయన."

ఆ పిల్ల కాగితాలు తీసింది. నేను నా పేరు రాశాను. సుమతి లేచి వాకిలి దాకా పోయి, మళ్లీ తిరిగి వచ్చింది.

"నాయన ఉండుంటే ఏమనేవాడమ్మా?" అంది, ఈసారి మెల్లగా.

"ఏమీ అనేవాడు కాదు," అన్నాను. "ఆయన అనేదేదైనా నా పేరుతోనే కదా అనింది."